రౌటర్‌కి పసుపు బొట్టు

మా అత్తగారు కనకవల్లిగారు మజ్జిగ అడిగినవాళ్ళకి మజ్జిగ పోస్తారు, వైఫై అడిగినవాళ్ళకి పాస్‌వర్డ్ చెబుతారు. నందిగామలో మా వీధి మొత్తం మా ఇంటి వైఫై మీదే బతుకుతోంది. ఆగిపోయేది మాత్రం నా పాఠమే.

నేను ఇంట్లోంచే ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతాను. పోయిన వారం మూడుసార్లు క్లాసు మధ్యలో తెగిపోయింది. "సోమవారం పదకొండుకి మీ క్లాసు చూస్తాం. ఒక్కసారి ఆగినా ఇక కుదరదు" అని కంపెనీవాళ్ళు తేల్చేశారు.

సోమవారం పది గంటలకి ఫోన్‌లో ఓ యాప్ పెట్టి చూద్దును కదా, మా వైఫైలో పద్దెనిమిది ఫోన్లు. ఇంట్లో ఉన్నవి మూడు. ఒళ్ళు మండిపోయింది.

"అత్తయ్యా, ఇంతమందికి ఎందుకు చెప్పారు?"

"గుమ్మంలోకొచ్చి అడిగితే లేదని ఎలా అంటానే? మన సొమ్మేం పోయింది?"

"నా ఉద్యోగం పోయేలా ఉంది."

ఆవిడ కందులు ఏరుకుంటూనే ఉన్నారు. పాస్‌వర్డ్ మారుద్దామంటే సెట్టింగులు తెరిచే పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేదు. రీసెట్ చేసి పారేద్దామని రౌటర్ వెనక బెజ్జంలో పిన్నీసు గుచ్చాను. బారెడు కొత్త పాస్‌వర్డ్ పెట్టాను. పీడ వదిలిందనుకున్నాను. వైఫై వచ్చింది, నెట్ రాలేదు. కనెక్షన్ ఐడీ కొట్టమంటోంది. వైఫై పాస్‌వర్డ్‌తో పాటు అదీ నెట్ పెట్టిన ఫ్రాన్సిస్ రౌటర్ అడుగున చీటీ మీద పెన్నుతో రాసి అంటించాడు. తిరగేశాను. చీటీ నిండా పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు. ఒక్క అక్షరం మిగల్లేదు.

"దసరాకి మిక్సీతో పాటు దీనికీ పూజ చేశాగా. తడిగుడ్డతో తుడిచి మరీ పెట్టా" అన్నారు అత్తగారు.

ఫ్రాన్సిస్‌కి ఫోన్ చేశాను. "పరిటాలలో స్తంభం మీదున్నానండి. ఆ ఐడీ ఆఫీసుకెళ్ళి చూసి చెప్పాలి, మధ్యాహ్నం అవుద్ది" అన్నాడు. ఫోన్ డేటాతో కానిద్దామంటే మా ఇంట్లో సిగ్నల్ ఒక్క గీత. వీధికి తలుపు మూయబోయి నేనూ బయటే ఉండిపోయాను. పది నలభై అయింది. ఏడుపొచ్చేసింది.

అప్పుడే ఎదురింటి పుల్లమ్మ పిన్ని వచ్చింది. "ఏమ్మా, నెట్టు పోయిందేంటి?"

"నేనే తీసేశా పిన్నీ. మీ అందరి పుణ్యమా అని నా ఉద్యోగం కూడా పోతోంది" అనేశాను. జరిగిందంతా కక్కేశాను.

ఆవిడ నొచ్చుకున్నట్టుంది. ఫోన్ తీసి వెతికింది. "ఈ చీటీయేనా? పాస్‌వర్డ్ దీని మీదే ఉందని మీ అత్త చూపిస్తే అప్పట్లో ఫోటో తీసుకున్నా."

ఐడీ అక్షరం అక్షరం కనబడుతోంది. పది యాభై ఆరుకి నెట్ వచ్చింది.

క్లాసు ఒక్కసారి కూడా ఆగలేదు. "బాగుంది మహతిగారూ, కొనసాగండి" అన్నారు చూసినవాళ్ళు. "ఇకముందూ ఆగకూడదు. మీ వైఫై పాస్‌వర్డ్ ఇంకెవరికైనా తెలుసా?"

"ఎవరికీ తెలీదండి."

వరండాలోకి వచ్చాను. పుల్లమ్మ పిన్ని అత్తగారితో కందులు ఏరుతోంది. పాస్‌వర్డ్ అడగలేదు. అడిగి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

"ఫోన్ ఇలా ఇవ్వండి పిన్నీ" అని నేనే కొట్టి ఇచ్చాను. "నా క్లాసప్పుడు వాడకండి. ఇంకెవరికీ చెప్పకండి."

"నేనెందుకు చెప్తానమ్మా" అంది.

అత్తగారు చేట పక్కన పెట్టారు. "నాకూ ఓ చీటీ మీద రాసివ్వవే. ఇందాకట్నుంచి నలుగురొచ్చి అడిగి వెళ్ళారు."