ఆడపడుచు సాక్ష్యం

బైండింగ్ షాపులో ఆమెను అందరూ దారమక్క అనేవారు. పుస్తకం కుట్టడంలో ఆమెది అందె వేసిన చెయ్యి. పదకొండేళ్లు మొగుడి దెబ్బలు పంటి బిగువున భరించింది. ఎడమ మణికట్టు విరిగి, అతుక్కున్నాక, ఒక పొద్దున రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుని బయటికి వచ్చేసింది. అప్పటినుంచి ఆడవాళ్ల హాస్టల్లోనే ఉంటోంది.

ఉచితంగా వాదించే లాయరమ్మ ఒక కొత్త సంగతి చెప్పింది.

"ఇల్లు వదలాల్సింది నువ్వు కాదమ్మా. అక్కడ నిర్భయంగా ఉండే హక్కు నీకుంది. కోర్టునే అడుగుదాం."

అలా కేసు పడింది. వాయిదాకి వారం ముందు ఒక విద్యార్థిని తన పరిశోధన గ్రంథాన్ని బైండింగుకి ఇచ్చి వెళ్లింది. మగవాళ్లు ఇంట్లో ఎందుకు కొడతారన్నది అందులోని విషయం. దారమక్క పేజీలు సరిచూస్తూ చూస్తూ చదవడంలో పడిపోయింది. చిన్నప్పుడు కళ్లారా చూసిన దెబ్బలు, తాగుడు, బయటి అవమానాలు, పెళ్లాం తన చెప్పుచేతల్లో ఉండాలన్న పంతం. ఏ అధ్యాయం తిప్పినా తన ఇల్లే! పేరు తెలియని జబ్బుకి పేరు దొరికినట్టు కాస్త ఊరట కలిగింది.

ఆ మధ్యాహ్నమే ఆడపడుచు షాపుకొచ్చింది. మొగుడికి అక్క, పెళ్లి చేసుకోకుండా తమ్ముడి ఇంట్లోనే ఉండిపోయిన మనిషి.

"వాడి తప్పేముందమ్మాయ్? మా నాన్న అమ్మని గొడ్డుని బాదినట్టు బాదేవాడు. చూసిందే నేర్చుకున్నాడు. కేసు వెనక్కి తీసుకో. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది."

దారమక్క సూది పక్కన పెట్టింది.

"ఈ పుస్తకంలోనూ అదే రాశారు వదినా. నిజమే కావచ్చు. మరి మీరూ ఆ ఇంట్లోనే పెరిగారుగా? మీరెవర్ని కొట్టారు?"

ఆడపడుచు స్టూలు లాక్కుని కూర్చుంది.

"పనిచేసే చోట మేనేజరు నలుగురిలో తిట్టినప్పుడు మీ తమ్ముడు చెయ్యెత్తాడా? లేదే! ఇంటికొచ్చి నా చెయ్యి విరిచాడు. కోపం ఆపుకోలేక కాదు వదినా. ఎవరి మీద చూపించాలో బాగా తెలుసు."

"ఇంట్లో పులి, వీధిలో పిల్లి," అని ఆడపడుచు గొణిగింది. "మా నాన్నా అంతే." ఆమె చూపు దారమక్క ఎడమ మణికట్టు మీద పడింది. "జారిపడిందని డాక్టరుకి చెప్పింది నేనే."

"తెలుసు వదినా."

వాయిదా రోజున కోర్టులో ఆడపడుచు తమ్ముడి పక్కన కూర్చోలేదు. నేరుగా వెళ్లి లాయరమ్మ పక్కన కూర్చుంది. పిలవగానే లేచి, చూసింది చూసినట్టు చెప్పింది. తమ్ముడు గుడ్లురిమాడు.

"అలా చూడకురా. భయపడి భయపడి విసుగొచ్చింది నాకు," అంది.

అతను ఇల్లు ఖాళీ చెయ్యాలని, ఇంటి ఛాయలకి గానీ షాపు ఛాయలకి గానీ రాకూడదని జడ్జి ఉత్తర్వు ఇచ్చారు. పోలీసులు దగ్గరుండి ఖాళీ చేయించారు.

ఆదివారం కొత్త తాళం బిగించాక వదినా మరదళ్లిద్దరూ ఇల్లు కడిగారు. మంచం ఎక్కడ వెయ్యాలన్న దాని మీద పెద్ద వాదులాటే జరిగింది.

"కిటికీ కింద వేస్తే ఎండ పడుతుంది."

"పడనివ్వండి వదినా."

"సరే, నీ ఇష్టమే కానీ తల్లీ."

టీ కప్పులు కడుగుతుంటే ఒకటి దారమక్క చేతిలోంచి జారి భళ్లున పగిలింది. ఇద్దరూ ఉలిక్కిపడి గుమ్మం వైపు చూశారు. అక్కడ ఎవరూ లేరు. ముందు ఆడపడుచుకి నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి దారమక్కకీ ఆగలేదు. పెంకులు ఏరేసి, మళ్లీ టీ పెట్టుకున్నారు.