కార్డు వెనకవైపు

బండి చెడిపోకముందే రిపేరు డబ్బులు కట్టమనే మాట జిలానీ బాషా అంతవరకూ ఎక్కడా వినలేదు. రాయచోటిలో బస్సు ఆగిపోతే దిగి తోసేవాళ్లు, తోసినా కదలకపోతే నడిచేవాళ్లు. ఈ అరబ్బు దేశంలో, అల్ రాయ్‌లో కొత్తగా తెరిచిన ఈ గ్యారేజీ వాళ్లు మాత్రం ఒక పచ్చ కార్డు చూపించి, ఏడాది డబ్బు ఒక్కసారే కట్టెయ్, ఆ తర్వాత ఆయిలూ బ్రేకులూ బెల్టులూ రేడియేటరూ ఏది పోయినా మాదే పూచీ అంటున్నారు. ఈ శనివారం దాటితే ఆ ధర ఉండదట.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుండాదే ఇది" అన్నాడు జిలానీ.

"నీ బండికి చూలేందన్నా, పురుడే వచ్చిండాది" అన్నాడు మెకానిక్ చిన్నపుల్లయ్య, చేతుల మసి గుడ్డకు తుడుచుకుంటూ. అతనిదీ రాయచోటి పక్క పల్లే. "నెలకు మూడుసార్లు తాడు కట్టి లాక్కొస్తాండావు. ఒక్కో తూరి ఎంత పోస్తాండావో నీకే తెల్సు."

"మోసమేం ల్యా గదా?"

"పని చేసేది మేమే గదన్నా, ఆడ మోసం ల్యా. కాగితంలో ఏం రాసుండారో మాత్రం నాకు తెలీదు. అరబ్బీ ఒక్కచ్చరం రాదు నాకు. కట్టకముందు ఎవురితోనన్నా సదివిచ్చుకో."

జిలానీ కార్డు నమూనా ఒకటి అడిగి తీసుకొని జేబులో పెట్టుకున్నాడు.

అతను తిప్పే తెల్ల కారు అతనిది కాదు. అతని వీసా పూచీదారు, కఫీల్ అబూ ఫహద్ పాత కారది. నెలనెలా చెప్పినంత చేతిలో పెట్టి, కారును టాక్సీలాగా తిప్పుకోవచ్చు, రిపేరు మాత్రం తిప్పుకునేవాడిదే. ఇద్దరికీ కుదిరిన మాట అదే. పోయినసారి జహ్రా రోడ్డు మీద పొగలు కక్కుతూ ఆగిపోయినప్పుడు అబూ ఫహద్ కోప్పడలేదు. మెల్లగా, "ఇంకొక్కసారి ఆగిందంటే ఖలాస్. తుక్కుకు వేసేస్తాను" అన్నాడు. కారు లేకపోతే జిలానీతో ఆయనకేం పని? పని లేనివాడికి ఈ దేశంలో ఉండే అనుమతి, ఇఖామా, ఎవరు పొడిగిస్తారు?

ఇంతకన్నా పెద్ద బాధ ఇంకొకటుంది. అతని భార్య ఖైరున్‌బీ జాబ్రియాలో ఒక ఇంట్లో పనిచేస్తుంది. ఆ ఇంటి యజమానురాలు, పనివాళ్లు మామా అని పిలిచే ఆమె, మంచిదే కానీ ఆమె పెట్టిన నియమం ఒకటుంది. శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు తర్వాత మొగుడు కారు తెచ్చి గేటు ముందు పెడితేనే ఖైరున్ బయటికి పోవాలి, పొద్దుగూకి మగ్రిబ్ బాంగు వినపడేసరికి గేటు లోపల ఉండాలి. కారు లేదంటే లేదు. అర్దియాలో జిలానీ ఉండే గదిలో మరో ఏడుగురున్నారు, అక్కడికి భార్యను తీసుకుపోలేడు. అందుకని వారానికి రెండు గంటలు సముద్రం ఒడ్డున ఆపుకున్న ఆ కారే వాళ్ల ఇల్లు. అది ఆగిపోయి మూడు శుక్రవారాలు గేటు లోపల ఆమె, అర్దియాలో ఇతను. నాలుగోది కూడా పోతే పిచ్చెక్కుతుందనిపించింది జిలానీకి.

డబ్బు లేక కాదు దిగులు. ఉంది. అది ఖైరున్ టికెట్ డబ్బు. ఊళ్లో ఆమె చెల్లెలి దగ్గర ఆరేళ్ల కూతురు మస్తానీ ఉంది. మూడేళ్లయింది చూసి. ఈ రంజాన్‌కు పోయి రావాలని మామా కాళ్లావేళ్లా పడి ఖైరున్ సెలవు సంపాదించుకుంది. ఆ టికెట్ ఎంతో ఈ కార్డూ దాదాపు అంతే.

ఆ శుక్రవారం ఎవరి చేతులో కాళ్లో పట్టుకొని కారు కదిలేలా చేసుకొని వచ్చాడు జిలానీ. సముద్రం దగ్గర అద్దాలు ఎత్తుకొని, ముందు ఊరి నుంచి వచ్చిన క్యాసెట్ పెట్టుకున్నారు. మస్తానీ గొంతు వినిపించింది. "అమ్మా, దీంట్లో ఎవురితో మాట్లాడాల?" అని ఆ పిల్ల అడిగింది చిన్నమ్మను. ఖైరున్ టక్కున ఆపేసింది. కాసేపటికి మళ్లీ వెనక్కి తిప్పి, ఆ మాటే మళ్లీ విన్నది.

అప్పుడు జిలానీ కార్డు సంగతి చెప్పాడు. టికెట్ మాట మాత్రం ఎత్తలేదు. ఆమెకు చెప్పకుండానే అర్థమైంది.

"ఇట్ల ఇయ్యి. నేను సదువుతా" అంది.

ఖైరున్ చిన్నప్పుడు మసీదులో హజ్రత్ దగ్గర కూర్చొని ఖురాను నేర్చుకుంది. అక్షరాలు వచ్చు, అర్థం రాదు. జిలానీకి బజారు అరబ్బీ గడగడా వచ్చు, అక్షరం రాదు. ఒకరి కళ్లూ ఇంకొకరి చెవులూ కలిస్తే ఒక మనిషి చదువు. కార్డు మీది అచ్చులో జేర్లూ జబర్లూ లేవు, ఏ అక్షరం ఎలా పలకాలో గుర్తులు లేకపోతే ఆమె తడబడుతుంది. ఒక మాటను మూడు రకాలుగా పలికేది, అతను తెలిసినది ఏరుకునేవాడు. నూనె. బ్రేకు. పన్నెండు నెలలు. ఉచితం. ఒక్కో మాట తేలినప్పుడల్లా ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు. ఆ నవ్వులోనే సగం ఒప్పుకున్నట్టయింది.

ముందువైపు అయ్యేసరికి మగ్రిబ్ బాంగు వినిపించింది. జిలానీ అదరిపడి బండి తీశాడు. వెనకవైపు సన్న అక్షరాలున్నాయి.

"యాభై వరసలుండాయి. వచ్చే వారం సదువుతాం లే" అన్నాడు.

"రేపు గదా ఆఖరు?"

"ముందరే అంతా సెప్పినాక ఎనకాల ఏముంటాది ఖైరూ?"

గేటు దగ్గర దిగుతూ ఆమె చున్నీ కొంగు ముడి విప్పి డబ్బు సీటు మీద పెట్టింది. "రంజాన్ వచ్చే యేడూ వస్తాది. బండి పోతే మనిద్దరం పోతాం. కట్టెయ్" అంది. తలుపు వేసి మళ్లీ తెరిచింది. "అయ్యా, ఆ కార్డు మీద నీ పేరే రాపిచ్చు. ఈ దేశంలో నీ పేరుతో ఒక్కటన్నా ఉండనీ."

మరుసటి రోజు డబ్బు కట్టి, తన పేరే రాయించాడు జిలానీ. చిన్నపుల్లయ్య రెండు రోజులు కష్టపడ్డాడు. కారు కొత్త పెళ్లికూతురై బయటికొచ్చింది. నాలుగు శుక్రవారాలు వరసగా గంట కొట్టినంత కచ్చితంగా జాబ్రియా గేటు ముందు నిలబడింది. దిగులు తీరిపోయిందనే అనుకున్నాడు పాపం.

రెండోసారి ఆయిల్ మార్చడానికి పోతే గుమాస్తా కొత్తవాడు. కారు రిజిస్ట్రేషన్ పుస్తకం, దఫ్తర్, అడిగి తీసుకొని, దాంట్లో పేరూ కార్డులో పేరూ చూశాడు. ఎవరి పేరున కారుందో వాళ్ల పేరునే కార్డుండాలి, ఆయన సంతకం తెమ్మన్నాడు. జిలానీ పేరు మీద అడ్డంగా గీత గీసి, పైన అబూ ఫహద్ పేరు రాసిచ్చాడు. చిన్నపుల్లయ్య దూరం నుంచి చూసి తల దించుకున్నాడు.

సంతకమే కదా అనుకుంటూ, కఫీల్ బయటివాళ్లను కూర్చోబెట్టే గదికి, దివానియాకు పోయాడు జిలానీ. అబూ ఫహద్ కళ్లద్దాలు పెట్టుకొని కార్డు ముందూ వెనకా తీరిగ్గా చదివాడు. బయటికొచ్చి ఇంజను చప్పుడు విన్నాడు. ముఖం విప్పారింది.

"చాలా బాగా చేయించావు. మా తమ్ముడి కొడుక్కి లైసెన్సు వచ్చింది, కొత్త కారు కొనాలనుకుంటున్నాను. ఇప్పుడు కొనే పనే లేదు, ఇదే వాడికిస్తాను, ఏడాది రిపేరు కూడా కట్టేసి ఉంది" అన్నాడు.

"బాబా, అది నా భార్య టికెట్" అన్నాడు జిలానీ.

"నేను కట్టమన్నానా?" అన్నాడు అబూ ఫహద్. నిజంగానే అడిగాడు, వెటకారం లేదు. "నీ ఇఖామా ఇంకా రెండు నెలలుంది. ఈలోగా వేరే కఫీల్‌ను చూసుకో, అడ్డు చెప్పను." వెనకే వచ్చి నిలబడ్డ తమ్ముడి కొడుకు చెయ్యి చాపితే జిలానీ తాళాలు ఇచ్చాడు. పాత నమూనా కార్డు ఒక్కటే జేబులో మిగిలింది.

శుక్రవారం బస్సెక్కి జాబ్రియా పోయాడు. ఖైరున్ తయారై గేటు దగ్గర నిలబడి ఉంది. మామా పైనుంచి తొంగిచూసి, కారు ఏదని అడిగి, లేదని తెలిసి లోపలికి పోయింది. గేటు తెరుచుకోలేదు.

ఊచల సందులోంచి జిలానీ అంతా చెప్పాడు. ఆమె ఏడవలేదు. చెయ్యి చాపింది. "ఆ కార్డు ఇట్ల ఇయ్యి. ఇప్పుడు టైముండాది గదా."

గేటుకు అటు ఆమె, ఇటు అతను చతికిలబడి వెనకవైపు మొదలుపెట్టారు. ఆమె కూడబలుక్కుంటూ పలికింది, అతను అర్థం చెప్పాడు. మూడో వరసలో ఆమె ఆగిపోయింది.

"మాలిక్" అంది. "దీనికి నువ్వు అర్తం సెప్పక్కర్లా. సొంతదారు అని గదా. దినామూ నమాజులో సదివే మాటే. మూడో వరసలో ఉండాదయ్యా. ఇంకొక్క నిమిసం ఆగింటే నాకే తెలిసుండు."

జిలానీ ఊచలు పట్టుకొని తల ఆనించాడు. ఎక్కిళ్లు ఆపుకోవడం అతని వల్ల కాలేదు. ఖైరున్ రెండు వేళ్లు బయటికి పెట్టి అతని నుదురు తాకింది.

"పోనీలే. టికెట్టూ పాయ, బండీ పాయ. మస్తానీ క్యాసెట్ ఇచ్చిపో. మామాది టేపుండాది, వంటింట్లో పెట్టుకోని వింటా."

జిలానీ చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. ఆ క్యాసెట్ కారులోనే ఉంది, మొన్న ఆపిన చోటనే.