నోరీన్ విసిరిన తువ్వాలు

ఎనిమిదో రౌండు మధ్యలో, తన కుర్రాడు గెలుస్తూ ఉండగా, నోరీన్ టాస్కర్ ఓటమి ఒప్పుకుంటూ బాక్సింగ్ రింగులోకి తువ్వాలు విసిరింది. షెఫీల్డ్ హాలు ఒక్క క్షణం నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఆ తర్వాత బీరు గ్లాసులు గాల్లోకి లేచాయి.

ఎజ్రా పినాక్ ఆరున్నర అడుగుల మనిషి. ఇరవై మూడేళ్ళు. రోథరమ్‌లో టైర్ల షాపు మీదున్న నోరీన్ జిమ్‌కి చిన్నప్పుడు వాళ్ళమ్మ వెర్నా చెయ్యి పట్టుకుని వచ్చాడు, అక్కడే పెరిగాడు. ఓటమి ఎరగడు. పాత హెవీవెయిట్ ఛాంపియన్లందరూ నలభైకి దగ్గరపడి, ఒక్కొక్కరే రింగు దిగిపోతుంటే, వాళ్ళ వెనకాల వచ్చేదెవరని పేపర్లవాళ్ళు వెతుక్కుంటున్న రోజులవి. ఒళ్ళున్న కుర్రాళ్ళంతా రగ్బీ దారి పట్టారు. అందుకే ప్రమోటర్ విట్లమ్ ఎజ్రాని కంటికి రెప్పలా చూసుకునేవాడు. చూసుకుంటూనే తొందరపెట్టేవాడు. ఇంకో నాలుగైదేళ్ళు రాటుదేలాల్సిన పిల్లవాణ్ణి ముప్పై ఆరేళ్ళ క్రొయేషియా ముదురు మీదికి తోశాడు. ఇది గెలిస్తే తర్వాతి పందెం ఎడారి దేశంలో, దీపాల వెలుగులో, ప్రపంచమంతా చూస్తుండగా.

ఏడో రౌండు చివర్లో ఆ ముదురు కొట్టిన కుడిచేతి దెబ్బ ఎజ్రా చెవి వెనక తగిలింది. చూసేవాళ్ళకి అదేమంత పెద్ద దెబ్బ కాదు. ఎజ్రా మూలకి వచ్చి స్టూలు మీద కూలబడి, నీళ్ళు పుక్కిలించి ఊశాడు.

"ఆంటీ, అమ్మ వచ్చిందా?" అన్నాడు.

వెర్నా పోయి రెండేళ్ళయింది.

"ఒరేయ్, ఎక్కడున్నావురా నువ్వు?"

"షెఫీల్డ్‌లో. అదేం ప్రశ్న?" అని నవ్వాడు. గంట మోగింది. నోరీన్ ఏం చెయ్యాలో తేల్చుకునేలోపే లేచి వెళ్ళిపోయాడు.

వెళ్ళినవాడు బాగానే కొట్టాడు. ముదురుని తాళ్ళ దాకా తరిమాడు. జనం లేచి నిలబడి అరిచారు. నోరీన్ మాత్రం అతని చేతుల వంక చూడలేదు. ఎడమ పాదం నేలని రాసుకుంటూ, ఒంటి కంటే రవ్వంత ఆలస్యంగా వస్తోంది. ఆమె భర్త కెన్ కూడా హెవీవెయిటే. తలకి దెబ్బలు తిని తిని, అతనికీ మొదట అలా పాదమే బరువెక్కింది. పోయేముందు ఏడాదంతా భార్యని నర్సనుకుని, టీ ఇచ్చినప్పుడల్లా మర్యాదగా థాంక్స్ చెప్పేవాడు. నోరీన్ చెయ్యి తువ్వాలు మీదకి దానంతటదే వెళ్ళింది. రిఫరీ రెండు చేతులూ ఊపి పందెం ఆపేశాడు.

డ్రెస్సింగు గదిలోకి వచ్చాక ఎజ్రా గ్లవ్స్ కూడా విప్పించుకోలేదు.

"గెలుస్తున్నాను ఆంటీ! వాడి పని అయిపోయింది! నీకు కళ్ళు కనిపించలేదా?"

"అమ్మ వచ్చిందా అని అడిగావురా నన్ను."

"నేనా?" అతని మొహంలో ఏదో బెదురు మెరిసి మాయమైంది. "నేనలా అనలేదు. నువ్వు కట్టుకథలు చెప్పకు."

విట్లమ్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. "ఏం తల్లీ, తువ్వాలు బరువైందా, చేతిలోంచి జారిందా? ఈ దేశం మొత్తం వెతికితే ఇలాంటి ఒళ్ళు ఇంకోటి దొరకదు. దాన్ని తీసుకెళ్ళి గంగలో కలిపావు."

"ఒంటి పైన తలకాయ కూడా ఉంది విట్లమ్. అదెవరిదనుకున్నావు?"

వారం తిరక్కుండా విట్లమే దగ్గరుండి ఎజ్రాకి తల స్కానింగు చేయించాడు. మచ్చ లేదు, వాపు లేదు. డాక్టరు సంతకం పెట్టేశాడు. ఆ కాగితం ముందు నోరీన్ మాటకి విలువెక్కడిది? బాక్సింగ్ బోర్డువాళ్ళకి ఫోన్ చేస్తే, మర్యాదగానే, స్కానింగు బాగుంది కదమ్మా అన్నారు. గెలుస్తుండగా ఆగిపోయిన పందెమని చెప్పి విట్లమ్ ఎడారి పందేన్ని నిలబెట్టాడు. ఎజ్రా ఎసెక్స్‌లో వేరే ట్రైనర్ దగ్గర చేరాడు. పోతూ పోతూ చెప్పి కూడా పోలేదు.

ఆ చలికాలమంతా జిమ్‌లో పెద్ద బ్యాగు ఊరికే వేలాడింది. వచ్చేవాళ్ళంతా సన్నపాటి పిల్లలు. దాన్ని గుద్దితే అది కదలదు, వాళ్ళ మణికట్లు నొప్పెడతాయి. నోరీన్ ఒక్కోసారి రాత్రిళ్ళు నిద్రపట్టక, తనే తప్పు చూసిందేమో, కెన్ పాదాన్ని తీసుకొచ్చి ఆ కుర్రాడి కాలికి తగిలించిందేమో అని నలిగిపోయేది.

ఎడారి పందేనికి ముందు, మార్చిలో ఒక మధ్యాహ్నం, మెట్ల మీద బరువైన అడుగులు వినిపించాయి. ఎజ్రా. ఇంకా బలిసి, ఖరీదైన కోటు వేసుకుని, తలుపులో తల వంచి నిలబడ్డాడు.

"తిట్టకు ఆంటీ. కాసేపు ప్యాడ్లు పట్టుకుంటావా? ఎసెక్స్ వాడు నా పంచ్ వంక కన్నెత్తి కూడా చూడడు. ఎంతసేపూ ఫోన్లోనే ఉంటాడు."

"అయితే ఫోన్‌నే కొట్టకపోయావా?" అంటూనే ఆమె దెబ్బలు కాసుకునే ప్యాడ్లు చేతులకి తొడుక్కుంది.

మొదట్లో పాత ఎజ్రాయే. దెబ్బకి ఆమె భుజాలు అదిరాయి. తర్వాత ఎడమ అని ఆమె పిలిస్తే, ఎడమ రావడానికి ముందు చిన్న ఖాళీ వచ్చింది. ఇంకోసారి పిలిచింది. మళ్ళీ ఖాళీ. చెప్పింది విని, ఎక్కడికో వెళ్ళి, తిరిగి వచ్చి కొడుతున్నట్టు. తను తప్పు చూసిందేమోనన్న అనుమానం అక్కడితో తీరింది. తీరినందుకు ఆమెకి ఏడుపొచ్చింది.

ప్యాడ్లు దించేసింది. "ఆపెయ్ నాన్నా."

"అలసిపోయావా?"

"నా సంగతి కాదు. నువ్వు మానెయ్. పూర్తిగా."

అతను అరుస్తాడనుకుంది. అరవలేదు. బెంచీ మీద కూర్చుని తన చేతుల వంక చూసుకున్నాడు.

"నాకు తెలుసు ఆంటీ. తాళాలు ఫ్రిజ్‌లో పెడుతున్నాను. కాని మానేసి ఏం చెయ్యమంటావు? గిడ్డంగిలో పెట్టెలు మొయ్యనా? ఈ ఒళ్ళు చూసినప్పటినుంచి అందరూ ఒక్కటే మాట చెప్పారు నాకు. నువ్వూ చెప్పావు."

అవును, చెప్పింది. పన్నెండేళ్ళ వాడి భుజాలు తట్టి, ప్రపంచ ఛాంపియన్ ఒళ్ళురా ఇది అని చెప్పింది. అతను లేచి, ఆమె నెత్తి మీద ముద్దు పెట్టి, మెట్లు దిగిపోయాడు.

ఎడారిలో ఎజ్రా గెలిచాడు. అయిదో రౌండులో ఒక్క దెబ్బ. అవతలివాడు మొదలు నరికిన చెట్టులా పడ్డాడు. మర్నాటికి అతని మొహం బస్సుల మీదికెక్కింది. హెవీవెయిట్‌కి వారసుడు దొరికాడని టీవీలో పెద్దమనుషులు చేతులు కలుపుకున్నారు. టైర్ల షాపువాళ్ళు పైకొచ్చి, "నీ పిల్లవాడేగా!" అని నోరీన్‌కి కేకు ముక్క ఇచ్చి పోయారు. ఆమె దాన్ని తినలేక కిటికీలో పెట్టింది.

ఆ రాత్రి పదిన్నరకి ఎజ్రా ఫోన్ చేశాడు.

"చూశావా ఆంటీ?"

"చూశానురా. గొప్పగా కొట్టావు."

"ఇక్కడ హోటల్లో పొద్దున ఏమైందో తెలుసా? గుడ్లు పది అడిగితే, మీతో ఎంతమంది వస్తున్నారు సార్ అని వెయిటరు నాలుగు కుర్చీలు వేశాడు!"

నోరీన్ పకపకా నవ్వింది. అతనూ నవ్వాడు. విట్లమ్ కొత్త పందెం మాట్లాడుతున్నాడని, సెప్టెంబరులోనేనని చెప్పాడు. అంతలోనే మళ్ళీ అందుకున్నాడు.

"ఆంటీ, ఇక్కడ హోటల్లో పొద్దున ఏమైందో తెలుసా?"

నోరీన్ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏమైందిరా?" అంది.

గుడ్ల కథ మొదటినుంచి చెప్పాడు. నాలుగు కుర్చీల దగ్గర ఆమె మళ్ళీ నవ్వింది, అతనికి ఏ అనుమానమూ రాకుండా.