అక్క ఎత్తు

మేస్త్రి అప్పటికే వెనక చక్రాన్ని ఫ్రేములో దూర్చి చెయిన్ బిగువు చూస్తున్నాడు. గేర్ల సైకిలైతే చెయిన్‌లో వదులుంటే అదే లాక్కుంటుంది. గేర్లు లేని సైకిలుకు ఆ సుఖం లేదు. ఇరుసును వెంట్రుకవాసి వెనక్కి జరపాలి, నట్టు బిగించాలి, పెడలు తిప్పి చెయిన్‌ను వేలితో నొక్కి చూడాలి. ఎక్కువ బిగిస్తే మూలుగుతుంది, వదులైతే ఊడి కూర్చుంటుంది. మేస్త్రి పెదవి విరిచి మళ్ళీ నట్టు వదులు చేశాడు. పొద్దున్నుంచీ ఇదే వరస.

బక్కపలచటి మనిషి. వంగి వంగి పనిచేయడంతో మెడ ముందుకు సాగిపోయింది. గోళ్ళ సందుల్లో గ్రీజు ఏ సబ్బుకూ లొంగలేదు. తన అక్క పెళ్ళిఫొటోలో కూడా అందరూ చేతులు కట్టుకుని నిలబడితే ఇతనొక్కడూ వెనక్కి దాచుకున్నాడు. ఇల్లూ వాకిలీ అన్నీ ఈ సైకిలు కొట్టే, దాని వెనక ఒక గది.

ఆ ఫ్రేము ఎవరో కొండదారుల్లో చావగొట్టి పారేసిన ఉక్కు సైకిలుది. పాత ఇనుము కొట్లో దొరికింది. మిగతా లోహాలు విరిగితే పారేయాల్సిందే, ఉక్కయితే అతికించుకుని బతకొచ్చని మేస్త్రి నమ్మకం. గేర్లన్నీ పీకేశాడు. ఇరుసు కూర్చునే చీలికల్ని కోసేసి, చక్రం ముందుకూ వెనక్కూ జరిగేలా కొత్తవి ఇత్తడితో అతికించాడు. అక్క ఇంటికి పోయే ఎగుడు రాళ్ళదారికి తగ్గట్టు లావుపాటి టైర్లు వేశాడు. తొక్కడం తేలిగ్గా ఉండాలని ముందు పళ్ళచక్రం చిన్నది పెట్టాడు.

గేర్లు వద్దన్నది అక్కే. "అవన్నీ ఉంటే నేను చేతుల వంకే చూసుకుంటూ పోయి గోడకు గుద్దుకుంటాన్రా" అంది. రంగు కూడా ఆవిడదే. ఏ రంగు కావాలంటే నోటితో చెప్పలేదు, కుట్టుమిషను మీదున్న దారం రీలు తీసి చేతిలో పెట్టింది. వంకాయ రంగు. ఆ రీలు పట్టుకుని మేస్త్రి రంగుల కొట్టువాడి ప్రాణం తీశాడు.

సాయంత్రం అక్క వస్తానంది. "ఒక్కసారి ఎక్కి చూస్తా. కుదిరితే సరే, భయమేసిందా, ఇక జన్మలో నన్నడగకు" అని ముందే తేల్చేసింది. అందుకే మేస్త్రికి ఇవాళ కాలు నిలవడం లేదు.

చిన్నప్పుడు ఇంట్లో నాన్న సైకిలు ఒక్కటే ఉండేది. దాని మీద ముందు తమ్ముడు నేర్చుకోవాలి, తర్వాత అక్క. సీటు పట్టుకుని వెనకాల పరిగెత్తే పని అక్కది. భయపడి వెనక్కి తిరిగినప్పుడల్లా ఆమె ముఖం తన తలకన్నా పైన, ఎండలో, చెమటతో కనిపించేది. "ముందుకు చూడరా, నేనున్నాగా" అనేది. వాడికి వచ్చింది. అక్క వంతు వచ్చేసరికి నాన్న సైకిలు అమ్మేశాడు. అక్క ఒక్క మాటా అనలేదు. ఆ అనకపోవడమే ఇన్నేళ్ళూ మేస్త్రి గుండెలో ముల్లులా ఉండిపోయింది.

"కొత్త పెళ్ళికూతుర్ని ముస్తాబు చేస్తున్నావేంటి మేస్త్రీ, పొద్దున్నుంచీ తుడిచిందే తుడుస్తున్నావు?" అన్నాడు పక్కకొట్లో తాళంచెవులు చేసే అతను.

"నీ తాళాలు నువ్వు చూసుకోవయ్యా" అన్నాడు మేస్త్రి నవ్వుతూ, ఎడమ భుజం రుద్దుకుంటూ. రెండు రోజులుగా ఆకురాయి పట్టడంతో లాగుతోందనుకున్నాడు.

మేస్త్రికి ఒక పద్ధతుంది. ఎవరికి సైకిలు కట్టినా ముందు వాళ్ళను గోడకు ఆనించి నిలబెట్టి, నడుం దగ్గర సుద్దతో గీత గీస్తాడు. సీటు ఎంత ఎత్తుండాలో ఆ గీతే చెబుతుంది. కొట్టు గోడంతా అలాంటి గీతలే. అక్కను మాత్రం నిలబెట్టలేదు. సొంత అక్క ఎత్తుకు కొలతలేంటి! పొడుగాటి సీటు గొట్టం ఏరి తెచ్చి, దర్జాగా పైకి లేపి బిగించాడు.

ఎండ తగ్గాక అక్క వచ్చింది. సంచిలోంచి తాను కుట్టిన సీటు తొడుగు తీసింది. మేస్త్రి తొడిగాడు. స్టూలు వేసి ఆవిణ్ణి ఎక్కించి హ్యాండిలు పట్టుకున్నాడు. అక్క కాళ్ళు గాలిలో వేలాడాయి. పెడలు అందలేదు.

"ఏరా, ఇది నాకా, ఒంటెకా?"

మేస్త్రి మొహం వెలవెలబోయింది. సీటు కిందికి దించబోయాడు. పొడుగు గొట్టం లోపల అడ్డుపడి సగంలోనే ఆగింది. అక్కను దించి గోడకు ఆనించి నిలబెట్టాడు. గీత గీసి, దూరం జరిగి చూశాడు. గోడ మీదున్న గీతలన్నిటికన్నా అదే కింద ఉంది.

"నువ్వింత పొట్టిదానివా అక్కా?"

"నేనెప్పుడూ ఇంతేరా. నువ్వు కింద నుంచి చూశావు" అంది అక్క, చాలా మెల్లగా.

మేస్త్రికి కళ్ళు మసకబారాయి. గొట్టాన్ని బయటికి లాగి వైసు దవడల్లో బిగించి, రంపంతో కోశాడు. మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. కోసిన కొనను నున్నగా రుద్ది, తిరిగి ఫ్రేములోకి దించాడు.

ఈసారి పెడళ్ళు అందాయి.

వీధిలో అలికిడి లేదు. మేస్త్రి సీటు వెనక పట్టుకుని పరిగెత్తాడు. సైకిలు అటూ ఇటూ ఊగింది. "వదలకురా, వదలకు!" అని అక్క అరిచింది. "ముందుకు చూడక్కా, నేనున్నాగా" అన్నాడు. నాలుగిళ్ళు దాటాక చేయి దానంతటదే జారింది. అక్కకు తెలియలేదు. వంకాయ రంగు సైకిలు చిన్నగా వంకర్లు పోతూ వీధి చివరి దాకా వెళ్ళింది. మేస్త్రి వెనక్కి నడిచి వచ్చి కొట్టు మెట్టు మీద కూర్చుని, గోడకు జారగిలబడ్డాడు.

అక్క మలుపులో తిరిగి, నవ్వుతూ, రొప్పుతూ వచ్చింది. "ఎప్పుడో వదిలేశావు కదరా! నాకు తెలుసులే!" బ్రేకు నొక్కి ఒక కాలు నేల మీద ఆనించింది. తమ్ముడు వీధి చివరికేసే చూస్తున్నాడు. రెండోసారి పిలిచినా పలకలేదు. తాళాలతను పరిగెత్తుకొచ్చి చేయి పట్టుకుని నాడి చూసి, కింద పెట్టేశాడు.

కొట్టు ఖాళీ చేసే రోజున అక్క ఆ సైకిలు మీదే వచ్చింది. సామాను సర్దుతున్న తాళాలతను వైసు వదులు చేసి, అందులో మిగిలిపోయిన గొట్టం ముక్క తీసి అడిగాడు. "ఈ ముక్క దేనిదమ్మా? పారేయమంటారా?"

"అది వాడికి నేను కనిపించిన ఎత్తయ్యా. ఇలా ఇచ్చెయ్యి" అందావిడ.

ఇప్పుడది కుట్టుమిషను పక్కన, కత్తిరించే బట్ట కదలకుండా బరువుగా ఉంటోంది. జానెడు ఉక్కు గొట్టం, ఒక కొన నున్నగా, ఇంకో కొన రంపం పళ్ళ గీతలతో గరుకుగా.