సుద్దగీతల ఇల్లు

నలభై ఒక్కేళ్ల కాపురంలో టోనియా నోట "నీ ఇష్టం" అన్న మాట నేను మొదటిసారి విన్నది ఆ గురువారమే. కర్టెన్ల రంగు మొదలు నా చొక్కా గుండీల దాకా అన్నీ తన ఇష్టప్రకారమే నడిపించిన మనిషి, ఉండబోయే ఇంటి విషయంలో అలా అంటే నేనేమనుకోవాలి?

రాటర్‌డ్యామ్ రేవులో, నేను ముప్పై ఏళ్లు క్రేన్ నడిపిన చోటే మా ఇల్లు. ఇప్పుడా వీధి మొత్తం పడగొడుతున్నారు. ఒకప్పుడు మా పేట పేరు చెబితే టాక్సీవాడు రానని మొహం తిప్పుకునేవాడు. ఈమధ్య నీళ్ల పక్కన చిన్న గది దొరికినా చాలని ఎక్కడెక్కడి వాళ్లో ఎగబడుతున్నారు. అద్దె ఇళ్ల సంస్థ పంపిన కాగితంలో రెండు గడులున్నాయి. అందాకా వాళ్లు చూపే ఇంట్లో సర్దుకుని, రెండేళ్ల తర్వాత ఇక్కడే లేచే భవనంలో మూడో అంతస్తుకు తిరిగి వస్తామనేది మొదటిది. ఇప్పుడే ఊరి చివర ఇంకో ఇల్లు తీసుకుని ఇక రామనేది రెండోది. ఆ సాయంత్రం నాలుగింటిలోగా ఒకదాంట్లో టిక్కు పెట్టాలి. కాగితాన్ని ఏడుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ రెండో గడే నయమనిపించేది, మడిచి జేబులో పెట్టగానే మొదటిది.

నక్షాలు అర్థంకాని మాలాంటి వాళ్ల కోసం పాత గోదాములో, నేల మీద, కొత్త ఇంటిని అసలు కొలతలతో సుద్దతో గీశారు. సంస్థ తరఫున వచ్చిన లిసెట్ అనే అమ్మాయి మాకు తలో కాఫీ, ఒక్కటంటే ఒక్క బిస్కెట్టు ఇచ్చి, డబ్బాకి మూత పెట్టేసి, మమ్మల్ని గీతల ముందు నిలబెట్టింది.

"ఇదే మీ గుమ్మం, మరీనస్ గారూ. ఇటు వంటగది, అటు పడకగది."

"నది ఎటమ్మా?"

"పక్కింటి వైపండీ. అటువైపువి అమ్మకానికి పెట్టినవి."

"ఇన్నేళ్లూ దాని కంపు భరించింది మేము, చూసేది వాళ్లన్నమాట."

"గీతలు గీసింది నేను కాదండీ బాబూ," అని నవ్వింది.

క్రేన్ పైనుంచి చూస్తే నాకు ఓడలో ఏ పెట్టె ఎక్కడుందో ఇట్టే తెలిసేది. గీతల మధ్య నిలబడితే మాత్రం ఏమీ తోచలేదు. పడకగది అనుకుని మంచం ఎక్కడ వెయ్యాలా అని చూస్తుంటే అది స్నానాలగది అంది లిసెట్.

ఇంతలో టోనియా నడుచుకుంటూ వంటగది గోడలోంచి తిన్నగా పక్కింట్లోకి వెళ్లిపోయింది.

లిసెట్ నవ్వింది. నేనూ నవ్వాను. టోనియా కాస్త ఆలస్యంగా నవ్వింది. "గుమ్మంలోంచి రావే," అన్నాను. తను వెనక్కి తిరిగి ఇంకో గోడలోంచి వచ్చింది. తన మొహం నా గొంతు వినిపించిన వైపుకి తిరిగి ఉంది, చూపు మాత్రం నా మీద లేదు.

చలికాలం నుంచి పేపరు నాచేత చదివించుకుంటోంది. కాఫీ పోసేటప్పుడు కప్పు అంచు మీద వేలు పెడుతోంది. వయసొచ్చాక వచ్చిన చాదస్తం అనుకున్నాను. నా బుద్ధి గడ్డి తిన్నది.

"టోనియా, గీతలు కనబడుతున్నాయా?"

"ఏ గీతలు?" అంది మెల్లగా.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే గదిగదికీ చెయ్యి పట్టుకుని తిప్పుతావు. ఇప్పుడున్న ఇంట్లో నాకు నీ చెయ్యి అక్కర్లేదు. మంచం నుంచి కుళాయికి పదకొండు అడుగులు. అది పోయాక ఎక్కడైనా ఒకటే. అందుకే నీ ఇష్టం అన్నాను."

తన మీద కోపమొచ్చింది. ఆ కోపం నా మీదికి తిరిగింది. ఎవరి మీద ఉంచుకోవాలో తెలియక లిసెట్ వైపు తిరిగాను.

"ఈ గీతలు ఎన్నాళ్లుంటాయి?"

"భవనం లేచేదాకా. మిగతా వాళ్లు కూడా చూడాలి కదండీ. ఏం?"

"మేం రోజూ వస్తాం."

టోనియా చెయ్యి పట్టుకుని గుమ్మం నుంచి వంటగదికి నడిపించాను. ఆరడుగులు. అక్కడి నుంచి మంచానికి తొమ్మిది. మూడోసారి తిరిగేటప్పుడు నా చెయ్యి వదిలించుకుంది. నాలుగు కావడానికి పది నిమిషాలుందనగా మొదటి గడిలో టిక్కు పెట్టాను. అది సరైన గడో కాదో నాకిప్పటికీ తెలియదు.

వెళ్లేముందు నేనూ కళ్లు మూసుకుని లెక్కపెడుతూ నడిచాను.

"ఆగు," అంది టోనియా, నా బూట్ల చప్పుడు విని. "నువ్వు పక్కింట్లో ఉన్నావు."

"నీకెలా తెలుసు?"

"అక్కడ నిలబడకు. వాళ్లు బోలెడు పోసి కొనుక్కున్నారు. ఎడమకి నాలుగడుగులు వెయ్యి, మనింటికొస్తావు."

కళ్లు తెరవకుండానే నాలుగడుగులు వేశాను. తన చెయ్యి తగిలింది.