సౌండు చాలని హెడ్‌ఫోన్స్

"ఇదిగో, వీటికి సౌండు చాలట్లేదు," అంటూ మేస్త్రి హెడ్‌ఫోన్స్‌ని వైరు పట్టుకుని, చచ్చిన ఎలకను తోకపట్టి తెచ్చినట్టు తెచ్చి భార్య ముందు పెట్టాడు. "పాట మన చెవిలో కాదు, మూడిళ్ళ అవతల పాడుతున్నట్టుంది. నువ్వేదో ఒకటి చెయ్యి."

ఆ ఇంట్లో ఏది పాడైనా 'నువ్వేదో ఒకటి చెయ్యి' అన్నదే మరమ్మతు. ఆమె కాలేజీలో భౌతికశాస్త్రం చదివింది. పెళ్ళయ్యాక ఆ చదువునంతా కుక్కరు మీదా, కారే కుళాయి మీదా, తిరగనని మొండికేసే ఫ్యాను మీదా ఖర్చు పెడుతూ వచ్చింది. మేస్త్రి బట్టల మిల్లులో వంద మగ్గాలను దారిలో పెట్టే మనిషే. ఇంట్లో బల్బు మార్చమంటే మాత్రం నిచ్చెన లేదనేవాడు.

ఆ హెడ్‌ఫోన్స్ కూతురు కొనిచ్చింది. మొన్నామధ్య వచ్చినప్పుడు, నాన్న పెట్టే టీవీ సౌండుకి వీధి వీధంతా వార్తలు వింటోందని గమనించి, "అందరికీ ఊరికే ఎందుకు వినిపించడం?" అని ఇవి తెచ్చి ఫోనుకి తగిలించి వెళ్ళింది.

ఆమె వంటగది బల్ల మీద పాత దినపత్రిక పరిచి పని మొదలుపెట్టింది. మెత్తలు ఊడదీసింది. లోపలి సన్నని జాలీ మీద పేరుకున్న మట్టినీ గుబిలినీ పాత బ్రష్షుకి రెండు చుక్కల స్పిరిట్ అద్ది తుడిచింది. ఫోనులో వైరు దూర్చే కన్నంలోంచి గుండుసూదితో చారెడు కాకపోయినా చిటికెడు దూది తీసింది. మిల్లు మనుషుల జేబుల్లో దూది దొరకని చోటు ఉండదు. తర్వాత ఫోను సెట్టింగుల్లోకి వెళ్ళి, చెవులకు మంచిది కాదంటూ సౌండుని ఓ హద్దు దాటనివ్వని మీటని కూడా ఆపేసింది. సౌండు చిట్టచివరిదాకా పెంచి, బాగుపడిందో లేదో చూద్దామని తన చెవులకు తగిలించుకుంది.

రెండు చెవుల మీదా ఎవరో ఒకేసారి చెంపపెట్టు పెట్టినట్టయింది. లాగి అవతల పారేసి బల్ల పట్టుకుని నిలబడింది. బల్ల మీద పడ్డ హెడ్‌ఫోన్స్ పాడుతూనే ఉన్నాయి, గది అంతా వినిపించేలా.

"చూడండి, అయిపోయింది," అని తీసుకెళ్ళి ఇచ్చింది.

మేస్త్రి పెట్టుకున్నాడు. తల అటూ ఇటూ తిప్పాడు. "పర్లేదు. ఇంకొంచెం పెరిగితే బావుండేది," అన్నాడు.

లోపం హెడ్‌ఫోన్స్‌ది కాదని అప్పుడు ఆమెకు తెలిసింది.

ఇన్నాళ్ళూ ఎలా తెలియలేదంటే, దానికి మిల్లుదే తప్పు. మగ్గాల షెడ్డులో అరిచినా వినపడదు. అందుకని అక్కడివాళ్ళు గొంతు వాడరు. ఎదురుగా నిలబడి పెదాలు విప్పి మాట్లాడతారు, అవతలివాళ్ళు చూసి అందుకుంటారు. ముప్ఫయ్యేళ్ళలో ఆ అలవాటు గేటు దాటి మిల్లు క్వార్టర్లలోకి వచ్చేసింది. ఆడవాళ్ళకీ పట్టుబడింది. ఆమే, ఎదురింటి వదినా వీధికి అటొకరు ఇటొకరు నిలబడి, పక్కింటావిడ గురించి పక్కింటావిడ ముందే, చప్పుడు లేకుండా, అరగంట మాట్లాడుకోగలరు. అలాంటి చోట చెవులు పోయినవాణ్ణి కనిపెట్టడం ఎవరి తరం?

మర్నాడు పరీక్ష పెట్టింది. ఆయన పేపరు చదువుతుంటే కుర్చీ వెనక నిలబడి, మామూలు గొంతుతో, "ఏమండీ, ఇల్లు తగలబడుతోంది," అంది.

ఆయన పేజీ తిప్పాడు.

"మీ అక్క పెట్టె సర్దుకుని వచ్చింది. నెల్లాళ్ళుంటుందిట."

దానికీ కదల్లేదు. ఇక సందేహించడానికి ఏమీ మిగల్లేదు.

ముందుకొచ్చి నిలబడి అడిగింది, "ఎప్పట్నించి?"

ఆయన బుకాయించలేదు. "రెండేళ్ళయింది. బరువు గొంతులు అందుతాయి. సన్నగా, కీచుగా ఉండేవి ఒక్కటీ లేదు. పిట్టలు, ఫోను మోగడం, కుక్కరు కూత... అన్నీ ఆగిపోయాయి."

"మరి హెడ్‌ఫోన్స్ బాగుచెయ్యమని నా ప్రాణం తీశారేం?"

"వాటిదే తప్పేమోనని చిన్న ఆశ," అన్నాడు మేస్త్రి.

పొద్దున్నే గేటు దగ్గర ఎదురింటాయన ఈల వేసి పిలిస్తే ఈ మధ్య మేస్త్రి కదలకపోవడం, తను "పిలుస్తున్నారు, లేవండి" అని తట్టడం, బద్ధకం పెరిగిందని సణగడం ఆమెకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఎదురింటాయన్ని, అంటే వదిన భర్తని, అందరూ ఈలాయన అనేవారు. నడుస్తూ, స్నానం చేస్తూ, తిట్లు తింటూ కూడా ఈల వేసే మనిషి. మేస్త్రికి పాతికేళ్ళ జోడీ. ఆమెను చెల్లెమ్మా అంటాడు.

సంగతి ఈలాయనకు ముందే తెలుసుట. "చెప్పకపోవడమేంటి అన్నయ్యా?" అని ఆమె నిలదీస్తే నవ్వాడు. "నువ్వు డిగ్రీ చదివావు, కనిపెడతావనుకున్నా చెల్లెమ్మా."

నవ్వే రోజులు కావవి. వచ్చే నెలలో మిల్లులో ఏటా జరిగే చెవుల పరీక్ష. కిందటేడు మిషను పాడై అందరికీ కళ్ళు మూసుకుని సంతకాలు పెట్టేశారు గనక గడిచింది. ఈసారి కొత్త మిషను వచ్చింది. తప్పినవాణ్ణి షెడ్డులోకి రానివ్వరు, వేరే పనీ చూపించరు. పని పోతే క్వార్టరు పోతుంది. మేస్త్రికి ఇంకా రెండేళ్ళ సర్వీసుంది.

దారి ఈలాయనే చూపించాడు. "అదీ హెడ్‌ఫోన్సే. చెవిలో కూత వినపడగానే బటన్ నొక్కాలి, అంతే. కూత వదిలే నర్సమ్మ అద్దానికి అవతల కూర్చుంటుంది. మీట నొక్కినప్పుడల్లా ఆవిడ కుడిభుజం కాస్త లేస్తుంది. కొత్త మిషను సరిచూసుకోడానికి మొన్న నన్ను పిలిచారుగా, చూశా."

అంతే, ఆ ఇంటి భోజనాల బల్ల పరీక్ష గదైపోయింది. ఆమె నర్సమ్మ. ఆ చెడ్డ హెడ్‌ఫోన్సే మేస్త్రి నెత్తిన. ఆమె ఫోనులో ఏదో నొక్కినట్టు భుజం ఎగరేసేది, ఆయన చెంచాతో బల్ల మీద కొట్టేవాడు. ఊరికే భుజం గోక్కున్నా కొట్టేవాడు. "దోమ కుడితే కూడా నొక్కేస్తారా?" అని వదిన పడీపడీ నవ్వింది. చూపు దొంగచూపులా ఉండకూడదని ఆమె నేర్పింది. అయిదింటికి ఒకటి కావాలని వదిలెయ్యమంది, అన్నీ వినపడ్డా అనుమానమేనని. మరో ముఖ్యమైన పాఠం కూడా చెప్పింది, "డాక్టరు ఏదైనా అడిగి, అర్థం కాకపోతే బిక్కమొహం వెయ్యకండి. తలూపండి."

ఒక్కసారి మాత్రం అడిగింది, "సెలవు రోజున ఆ గంజి మిషను పని మీ ఇద్దరిదేగా అన్నయ్యా? లోపలివాడి ఈల వినే కదా బయటివాడు మిషను ఆపేది, అక్కడ ఎలా మరి?"

"టార్చి పెట్టుకున్నాం చెల్లెమ్మా. ఈల బదులు లైటు. నువ్వు భుజం సరిగ్గా ఎగరెయ్యి."

మేస్త్రి పరీక్ష నెగ్గాడు. 'వినికిడి సాధారణం' అని మిల్లు డాక్టరు ముద్ర వేసిచ్చిన కాగితాన్ని ఆమె బీరువాలో పట్టుచీర మడతల్లో దాచింది. డిగ్రీ పట్టా కూడా అక్కడే ఉంది. రెంటిలో ఏది కష్టపడి సంపాదించిందని అడిగితే డాక్టరు ముద్ర వేసిందే అనేది.

నాలుగు నెలలు గడిచాయి.

నూలుకి గంజి పట్టించే మిషనులో మనిషి నిడివి రోలర్లుంటాయి. సెలవు రోజున, షెడ్డంతా ఆగి ఉన్నప్పుడు, వాటి మీద ఎండిన గంజి గీకాలి. ఒకడు లోపల గుడ్డా గీకుడు బద్దా పట్టుకుని కూర్చుంటాడు. ఇంకొకడు అవతలి వైపు స్విచ్చి దగ్గర నిలబడి రోలరుని కొంచెం తిప్పి ఆపుతాడు. ఒకడికొకడు కనపడరు, టార్చి కొడితే వెలుగు మాత్రం పైకప్పు మీద కనపడుతుంది. లోపలివాడి నోట్లో ఈల ఉండాలన్నది రూలు. ఈల వినపడిందా, స్విచ్చి వదిలెయ్యాలి.

ఆ రోజు ఈలాయన చేతిలోని తడిగుడ్డ కొస రోలర్ల మధ్యకు పోయింది. గుడ్డ వెనక చెయ్యి పోయింది. చెయ్యి చిక్కినవాడు జేబులో టార్చి వెతుక్కోడు. నోట్లో ఉన్న ఈలే ఊదాడు.

మధ్యాహ్నం మేస్త్రి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చొక్కా మీద గంజి మరకలున్నాయి. గంజి కానివీ ఉన్నాయి.

"ఏడు లెక్కపెట్టా," అన్నాడు. "ప్రతిసారీ ఏడు లెక్కపెట్టి ఆపుతా. ఇవాళా ఏడే." మళ్ళీ, "ఏడే," అన్నాడు. ఆ ఏడులో ఎన్ని ఈలలు పట్టాయో ఆయనకు తెలియదు.

ఈలాయన కుడిచెయ్యి మోచేతి దాకా తీసేశారు.

నాలుగోరోజు పొద్దున్న వదిన ఆసుపత్రి నుంచి వచ్చి తన గుమ్మంలో నిలబడింది. ఈమె ఈ గుమ్మంలో ఉంది. మధ్యలో వీధి. వదిన పెదాలు కదిలాయి, చప్పుడు లేకుండా.

"ఊదారట. ఒట్టేసి చెప్పారు. ఊపిరున్నంతసేపూ ఊదారట."

వదిన పెదాలు మళ్ళీ కదిలాయి.

"నువ్వు మాత్రం చెప్పొద్దన్నారు. నా చెయ్యి ఎలాగూ పోయింది, వాడి పనీ ఇల్లూ ఎందుకు పోవాలి, చెల్లెమ్మకి నోరు మెదపొద్దని చెప్పు, అన్నారు."

అది చెప్పి వదిన తలుపేసుకుంది. అంత నెమ్మదిగా తలుపు వెయ్యడం ఆ వీధిలో ఎవరూ చూసి ఉండరు.

ఆ సాయంత్రమే సేఫ్టీ ఆఫీసరు ఫైలు పట్టుకుని వచ్చాడు. మర్యాదస్థుడు. చెప్పులు బయట విడిచి, ఇచ్చిన మంచినీళ్ళు మొత్తం తాగి, తల వంచి రాసుకోవడం మొదలుపెట్టాడు. ఎదుటి కుర్చీలో మేస్త్రి ఆయన పెదాల కోసం వెతుకుతున్నాడు. వంచిన తలలో పెదాలెక్కడ కనిపిస్తాయి?

"మీ చెవులు బాగానే ఉన్నాయని నాలుగు నెలల కింద సర్టిఫికెట్టుంది. అవునా?"

మేస్త్రి తలూపాడు.

"ఆయనేమో ఈల ఊదానంటున్నారు. ఊదితే మీకు వినపడాలిగా. అంటే ఊదలేదు. రూలు పాటించకుండా లోపల కూర్చున్నారు. మరి తప్పు ఆయనదే అవుతుంది, ఉద్యోగం, క్వార్టరు, ఏదీ మిగలదు. అంతేనంటారా?"

మేస్త్రి తలూపాడు. బిక్కమొహం వెయ్యకుండా, చక్కగా, నేర్పినట్టే.

ఆమె వంటగది గుమ్మాన్ని పట్టుకుంది.

"మీరూ ఒక్కమాట చెప్పండమ్మా, ఊరికే రాసుకోవడానికి," అన్నాడు ఆఫీసరు తలెత్తకుండానే. "ఇంట్లో ఆయనకి మామూలుగానే వినిపిస్తుందిగా?"

"ఉండండి సార్," అందామె. లోపలికెళ్ళి హెడ్‌ఫోన్స్, ఫోనూ తెచ్చింది. "ఒక్కసారి ఇవి పెట్టుకోండి."

"ఇప్పుడు పాటలేంటమ్మా?"

"పెట్టుకోండి సార్. రాసుకోవడానికి పనికొస్తుంది."

పెద్దావిడ మాట కాదనలేక పెట్టుకున్నాడు. సౌండు రోజూ ఉండేచోటే ఉంది. ఆమె పాట నొక్కింది.

ఆఫీసరు ఎగిరిపడ్డాడు. ఒళ్ళోని ఫైలు జారి కాగితాలు గదంతా పరుచుకున్నాయి. హెడ్‌ఫోన్స్ పీకి బల్ల మీద పడేసి, రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. "ఏంటమ్మా ఇది! చెవులు పగలగొడతారా?"

"మా ఆయనకి ఆ సౌండు చాలట్లేదు సార్. నాలుగు నెలలకు ముందే, బాగుచేసి పెట్టమన్నారు. ఈల సంగతి అడిగారు కదా, అంతకంటే పెద్ద కూత కుక్కరుది. అదే వినపడదు. పరీక్ష నేను నేర్పి నెగ్గించాను. ఇందాకట్నించి ఆయన తలూపుతున్నారే, అదీ నేను నేర్పిందే. ఎదురింటాయన ఈల ఊదారు. రాసుకోండి."

ఆఫీసరు కలం మళ్ళీ అందుకున్నాడు. కింద పడ్డ కాగితాల్లోంచి ఖాళీది ఒకటి ఏరుకుని, మొదటినుంచి రాయడం మొదలుపెట్టాడు. బల్ల మీద హెడ్‌ఫోన్స్ పాడుతూనే ఉన్నాయి.

"ఏమైంది?" అన్నాడు మేస్త్రి, ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తూ. "ఏం చెప్పావు?"

పక్కకు తిరిగి ఏదో ఒకటి గొణిగినా ఆయనకు అందదు. ఆమె అలా చెయ్యలేదు. ఆయన ముందుకు వచ్చి, వెలుతురు తన మొహం మీద పడేలా కిటికీకేసి తిరిగి నిలబడింది. గొంతు వాడకుండా, పెదాలతో, ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పింది.

"అంతా చెప్పేశాను."

మేస్త్రి ఆ పెదాలు కదలడం ఆగిపోయాక కూడా వాటికేసే చూస్తూ ఉన్నాడు. తర్వాత బల్ల దగ్గరికి వెళ్ళి పాట ఆపాడు. వైరుని, కొన్నరోజున ఉన్నట్టే, మెలిక పడకుండా చుట్టాడు.

తల మాత్రం ఊపలేదు. ఈసారి అర్థమైంది.