గోలు వెనక గొంతులు

ఆట ఆగగానే ఆడపిల్లలంతా కుండ దగ్గరికి పరుగెత్తుతారు. ఉన్నది ఒకటే గ్లాసు. అసుంతా తాగి పక్కపిల్లకిస్తుంది, ఆ పిల్ల ఇంకో పిల్లకిస్తుంది. జట్టంతా తిరిగిన ఆ గ్లాసు ఫూలో దాకా మాత్రం రాదు, మళ్లీ కుండ మీదికెక్కి కూర్చుంటుంది. ఫూలో ఇంటి నుంచి తెచ్చుకున్న సీసాలో నీళ్లు తాగుతుంది. "గోలు దగ్గరుండే పిల్ల కదా, ఇంత దూరం రావడమెందుకులే" అని అందరి సమాధానం. నిజానికి కుండ గోలు పక్కనే ఉంటుంది. మర్యాదగా చేసే అన్యాయానికి చప్పుడుండదు. పాఠకులు ఈ సంగతి గమనించాలి.

సిమ్‌డేగా చుట్టుపక్కల పల్లెల్లో కోతలైపోయాయంటే ఎండిన మళ్లన్నీ హాకీ మైదానాలే. గెలిచిన ఊరికి మేకపోతునిస్తారు. కప్పయితే ఏడాది పొడుగునా తుడుచుకుంటూ కూర్చోవాలి, మేకపోతుకు ఆ బెడద లేదు. అందుకే మా వైపు పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్లు కూడా ఫౌలెక్కడో, కార్నరెక్కడో తడుముకోకుండా చెబుతారు.

ఫూలో పుట్టింది ఈ ఊళ్లో కాదు. సొంతూళ్లో ఒకరి దూడ చచ్చిపోయింది, ఇంకొకరి బిడ్డకు జ్వరం తగ్గలేదు. భూతవైద్యుడు వచ్చి బియ్యం చల్లి, ఫూలో వాళ్లమ్మ మంగ్రీని మంత్రగత్తె అని చూపించాడు. పట్టపగలు ఊరంతా ఇంటి మీద పడింది. మంగ్రీ కుడిచెయ్యి ఇప్పటికీ సరిగ్గా చాపడానికి రాదు. తల్లీకూతుళ్లు మేనమామ ఇంటికి వచ్చేశారు. వాళ్ల వెనకే కథా నడిచి వచ్చింది, దానికి బస్సు చార్జీ అక్కర్లేదు కదా. మంగ్రీ వాకిలి దాటదు. ఫూలో మాత్రం హాకీ కర్ర పట్టుకుంది. గోలులో ఆ పిల్ల నిలబడితే ఆట నేర్పే మార్కుస్ మాస్టారు ఈల వెయ్యడం కూడా మర్చిపోయి చూస్తుండేవారు.

అయితే అది ప్రాక్టీసులో. టోర్నమెంటు మొదటి మ్యాచిలో జనం గోలు వెనక చేరి కేకలు పెట్టేసరికి ఫూలో కర్ర వదిలేసి రెండు చెవులూ మూసుకుంది. బంతి నింపాదిగా దొర్లుకుంటూ లోపలికి పోయింది. తక్కినవాళ్లు చచ్చీచెడీ రెండు గోల్స్ కొట్టారు కాబట్టి సరిపోయింది.

"ఈ పిల్లను మార్చండి మాస్టారూ!" అన్నారందరూ.

"ఇక మిగిలింది ఫైనలే, అదీ ఆదివారం. శనివారం చూసి చెబుతాను," అన్నారాయన.

అసుంతా జట్టు కెప్టెను. నోరు ఒక్క క్షణం ఊరుకోని పిల్ల. తిన్నగా వెళ్లి ఫూలో పక్కన గట్టు మీద చతికిలబడింది.

"ఏమే, బంతంటే భయమా?"

"బంతిదేముంది! తగిలితే నొప్పి, అంతే," అంది ఫూలో. కూర్చున్నచోటే గడ్డి పీకడం మొదలుపెట్టింది. "వెనక అరుస్తారు చూడు, అదే. ఆ రోజు గాదెలో దాక్కుని విన్నాను. ఊళ్లో అందరూ తెలిసినవాళ్లే. కాని ఒక్క గొంతూ ఆనవాలు పట్టలేకపోయాను. అందరిదీ కలిసి ఒకటే నోరైపోయింది."

అసుంతాకి ఓదార్చడం చేతకాదు. ఏది చెప్పినా, జారిన సైకిలు చెయినుని ఎలా ఎక్కించాలా అన్నట్టు వింటుంది.

"అయితే ఏ గొంతు ఎవరిదో తెలిస్తే?"

ఫూలో చెయ్యి గడ్డి పీకడం మానేసింది.

మర్నాటి నుంచి అదే పని. ఫూలో గోలులో నిలబడుతుంది, వెనక్కి తిరగకూడదు. వెనక నుంచి ఒకరు అరుస్తారు, అరిచిందెవరో ఫూలో చెప్పాలి. మొదట అసుంతా అరిచింది. తర్వాత జట్టులో పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. తమ గొంతు ఆనవాలు పట్టిందంటే ఎవరికైనా ముచ్చటే కదా. ఇద్దరూ ముగ్గురూ కలిసి అరిచినా ఫూలో విడదీసి చెప్పేది. మొదటి రోజు చేతులు చెవుల మీదికి పోకుండా కర్రను గట్టిగా పట్టుకుంది. మూడో రోజుకి నవ్వు కూడా వచ్చింది.

కాని పిల్లల గొంతులు జనం గొంతులు కావు. అసుంతా తనకు పిన్ని వరసయ్యే బిలాసీ కాకీ ఇంటికి పోయింది. ఆవిడ ఇక్కడ కోళ్లను అదిలిస్తే ఏటవతలి కోళ్లు గూళ్లలో దూరతాయని ప్రతీతి.

"ఆ మంత్రగత్తె కూతురి వెనకా? నేనా? నా కోళ్లకేమన్నా అయితే?"

"నీ గొంతుకే సగం కోళ్లు గుండాగి చచ్చాయి కాకీ, ఆ పిల్ల వంతుకి మిగిలిందేముంది?"

"నోరు! మీ అమ్మకి చెబుతానుండు."

"చెప్పుకో. ఫూలో లేకపోతే ఫైనల్ పోయినట్టే. ఏటవతలివాళ్లు మేకపోతు కూర వండుకుంటారు, నువ్వు ఇక్కడ కూర్చుని వాసన పీలుద్దువు గాని."

బిలాసీ కాకీ ఆలోచనలో పడింది. దయ్యాల భయం పెద్దదే, కాని దానికి మసాలా వాసన ఉండదు. సాయంత్రం వచ్చి ఆమడ దూరంలో నిలబడి ఒక్క కేక పెట్టింది. ఫూలో ఉలిక్కిపడింది, కళ్లు మూసుకుంది. తర్వాత తిరక్కుండానే, "బిలాసీ కాకీ! మధ్యాహ్నం మామిడల్లం గట్టిగా నమిలినట్టున్నావు, గొంతు మంచి పదును మీదుంది," అంది.

కాకీకి నవ్వాగలేదు. నవ్వుతూ నవ్వుతూ గోలు దాకా వచ్చేసింది. మర్నాడు పిలవకుండానే తోడికోడల్ని వెంటబెట్టుకుని వచ్చింది. శనివారానికి గోలు వెనక సగం ఊరుంది. మార్కుస్ మాస్టారు జట్టు పేర్లలో ఫూలో పేరు ముందు చదివారు.

ఆదివారం మొదటి సగంలో అంతా బాగానే సాగింది. అసుంతా గోలు కొట్టింది. మనవాళ్లంతా ఫూలో వెనకే ఉన్నారు. కాని ఇంత ఏర్పాటు చేసిన అసుంతా, కంఠతా వచ్చిన నియమాల్లో ఒకదాన్ని మర్చిపోయింది. సగం ఆట కాగానే వైపులు మారతాయి! ఫూలో వెళ్లి నిలబడిన గోలు వెనక ఇప్పుడు ఏటవతలి ఊరు కిక్కిరిసి ఉంది. ఒక్క గొంతూ తెలిసింది కాదు. కేకలు మొదలయ్యాయి. ఫూలో చేతులు మెల్లగా చెవుల వైపు లేవడం అసుంతాకి మైదానం మధ్య నుంచే కనబడింది. ఆట వదిలి వెళ్లడానికి వీల్లేదు.

అప్పుడు బిలాసీ కాకీ లేచింది. కొంగు నడుముకి చుట్టి, గట్టు వెంబడి నడిచి, పరాయి జనంలోకి మోచేతులతో దూరింది. వెనకే తోడికోడలు, ఆవిడ వెనక ఆడవాళ్ల వరస.

"ఇది మా వాళ్ల చోటమ్మా!"

"చోటుకి పట్టా ఉందా? జరుగు."

"మంత్రగత్తె కూతురు! బంతికి మంత్రం వేస్తుంది!" అని ఎవడో అరిచాడు.

"వేస్తుంది! రోజూ పొద్దున్నే లేచి ప్రాక్టీసు చేసే మంత్రం! మీ పిల్లలకీ నేర్పించుకోండి!" అంది కాకీ. మొన్నటికి మొన్న అదే మాట తన నోటి నుంచి వచ్చిన సంగతి ఆవిడకు గుర్తుందో లేదో, మనం గుర్తు చెయ్యనక్కర్లేదు.

ఫూలో చేతులు దిగాయి. పెదవులు కదులుతున్నాయి. చూసేవాళ్లు ప్రార్థన అనుకున్నారు. అసుంతాకి తెలుసు, అవి పేర్లు. ఆ రొదలోంచి తనవాళ్లను ఒక్కొక్కరినే ఏరుకుంటోంది. ఏటవతలి జట్టు వరసగా బంతులు కొట్టింది. ఫూలో ఒకటి కర్రతో ఆపింది, ఒకటి కాలితో. ఆఖరుది ఒళ్లంతా అడ్డం పడేసి ఆపింది. లేచి మట్టి దులుపుకుంటుంటే ఏటవతలి ముసలాయన కూడా చప్పట్లు కొట్టాడు.

గెలుచుకున్న మేకపోతుని కెప్టెను వాకిట్లో వండడం ఆనవాయితీ. అసుంతా తాడు పట్టుకుని సొంత ఇల్లు దాటి నడిచింది.

"ఏమే, దారి తప్పావు!"

"తప్పలేదు, పదండి!"

ఫూలో మేనమామ వాకిట్లో ఆగింది. జనం అలికిడికి మంగ్రీ తలుపు చాటుకి తప్పుకుంది. బిలాసీ కాకీ తిన్నగా లోపలికే వెళ్లింది. "మంగ్రీ, నీ కూతురి పుణ్యమా అని నా గొంతు పోయింది. ఇక ఉప్పూకారం నేను చూడలేను. వచ్చి నువ్వే చూడు," అంది బొంగురుగా.

మంగ్రీ వచ్చింది. ఎడంచేత్తో గరిటె తిప్పింది, రుచి చూసింది, ఇంకాస్త ఉప్పు వేసింది. ఊరంతా విస్తర్లు పట్టుకుని నిలబడింది. అందరికంటే ముందు కాకీ తింది. నమిలి, "ఇంకో ముక్క వెయ్యి," అంది. కూతుర్ని చూస్తూ మంగ్రీ తలెత్తి నవ్వింది. ఆ నవ్వు చూసి అసుంతా ఛాతీ ఒక బెత్తెడు పొంగింది.

భోజనాలయ్యాక మాట్లాడమని మార్కుస్ మాస్టారిని నిలబెట్టారు. ఆయన చెయ్యి తుడుచుకుని, ఫూలోనీ అసుంతానీ చెరో పక్క నిలబెట్టుకున్నారు.

"ముప్పై ఏళ్లుగా బళ్లో చెబుతున్నాను, ఈ ఊరి మాస్టార్నని ఇవాళ చెప్పుకున్నంత గర్వంగా ఎన్నడూ చెప్పుకోలేదు. ఈ పిల్లకి భయం పెట్టింది ఒక గుంపు. ఆ భయాన్ని ఒంటరిగా మోసుకోమని మనమూ వదిలేశాం. ఒక స్నేహితురాలు వెళ్లి పక్కన కూర్చుంది, తర్వాత ఊరు వెళ్లి వెనక నిలబడింది. గాయం మానడానికి ఇంతకు మించిన మందు నేను చూడలేదు. ఇక మీదట ఒక్కటే గుర్తుంచుకోండి. నలుగురితో కలిసి అరిచేటప్పుడు కూడా, ఆ గొంతు నాదేనని రేపు తలెత్తుకుని చెప్పుకోగలిగిన మాటే అరవండి."